రికార్డర్ గట్టిదైతే సరిపోతుందా? హైదరాబాద్ ఎండలో, వానలో, రద్దీలో పనికొచ్చే చిన్న ఆడియో రికార్డర్ ఎంపిక

చేతిలో ఇమిడే ఆడియో రికార్డర్ల మాన్యువల్ చివరి పేజీలు తిరగేస్తే, పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అన్న లైను చాలావాటిలో కనిపిస్తుంది. ఐఫోన్‌కు ఆపిల్ చెప్పే హద్దు ఇంకా తక్కువ, 35 డిగ్రీలు. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నాలు నీడలోనే 40 దాటుతాయి. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అంటే కంపెనీ రాసిన హద్దు దాటడానికి ఎడారిదాకా వెళ్లక్కర్లేదు, మధ్యాహ్నం రెండు గంటలకు చార్మినార్ దగ్గర నిలబడితే చాలు.

విపరీత పరిస్థితులు అనగానే మంచుకొండలు, నట్టడవులు గుర్తొస్తాయి. నిమజ్జనం రోజు ఖైరతాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ వరకు రికార్డర్ పట్టుకుని నడిచేవాళ్లకు అలాంటి కష్టాలన్నీ ఒక్క రోజులోనే ఎదురవుతాయి. పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రానికి వాన, గాల్లో గులాల్, చెవి పక్కనే తీన్మార్, కాళ్ల దగ్గర టపాసులు, నాలుగు వైపుల నుంచి తోపులాట. ఈ నగరంలో జానపద కళాకారుల గొంతులు భద్రపరిచేవాళ్లు, రిపోర్టర్లు, యాసల మీద పరిశోధన చేసే విద్యార్థులు, పక్షుల కూతలు సేకరించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు రికార్డర్ కొనేటప్పుడు ముందుగా అడిగేది "గట్టిదేనా?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ సగం ప్రశ్న.

రికార్డర్ బతకడం ఒకటి, రికార్డింగ్ బతకడం మరొకటి. కింద పడి మూత విరిగిన రికార్డర్‌లో ఫైలు క్షేమంగా ఉంటే పెద్ద నష్టమేమీ జరగనట్టే. గీత కూడా పడని రికార్డర్‌లో మూడు గంటల శబ్దం గాలి హోరుతో నిండిపోతే, ఆ రోజు పోయినట్టే. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగం ఏడాదికి ఒక్కసారే. పచ్చి కుండ మీద నిలబడి మాతంగి చెప్పిన భవిష్యవాణిని మళ్లీ చెప్పమని అడగలేం. ఎనభై ఏళ్ల ఒగ్గు కళాకారుడు మల్లన్న కథ మొత్తం పాడే రాత్రి మళ్లీ వస్తుందో రాదో. ఇలాంటి పనికి రికార్డర్ ఎంచుకునేటప్పుడు, అది ఏ విధంగా చెడిపోగలదు, చెడితే అప్పటిదాకా రికార్డయినది మిగులుతుందా అన్న లెక్కే ముందు చూడాలి.

ఐపీ నంబరు చెప్పేది, చెప్పనిది

నీళ్లు, దుమ్ము విషయంలో అందరూ చూసేది ఐపీ రేటింగ్. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చే నంబరు ఇది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ67 అంటే దుమ్ము అసలు చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు అని అర్థం. ఆ పరీక్ష చేసేది కొత్త పరికరం మీద, ప్రయోగశాలలో, మంచినీళ్లతో. రెండేళ్లు ఎండలో తిరిగి రబ్బరు బిగుసుకుపోయిన మూతకు అదే హామీ వర్తించదు. చెమట, సబ్బు నీళ్లు, హుస్సేన్ సాగర్ నీళ్లు ఆ పరీక్షలో లేవు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, మార్కెట్లో దొరికే చేతి రికార్డర్లలో చాలావాటికి ఐపీ రేటింగే ఉండదు. మైక్ అంటే గాలికి తెరిచి ఉంచాల్సిన పరికరం. శబ్దం లోపలికి పోయే దారే నీటికీ దుమ్ముకూ దారి. ఫోన్లలో ఆ రంధ్రం మీద గాలిని పంపి నీటిని ఆపే పలచటి పొర వేస్తారు. సంగీతం కోసం, ప్రసారం కోసం చేసే రికార్డర్లలో శబ్ద నాణ్యతకే పెద్దపీట కాబట్టి ఆ పొర సాధారణంగా కనిపించదు. అందుకే "వాటర్‌ప్రూఫ్ రికార్డర్" కోసం వెతుకుతూ కూర్చోవడం కన్నా, మంచి రికార్డర్ కొని దాన్ని ఎలా కప్పాలో ఆలోచించడం మేలు.

దుమ్ము విషయంలో మన దగ్గర ఒక ప్రత్యేకత ఉంది. రోడ్డు దుమ్ము కన్నా కుంకుమ, గులాల్, బండారు ఎక్కువ ప్రమాదం. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం కొమురవెల్లిలో పట్నం వారం. హైదరాబాద్ నుంచి వేలమంది వెళ్తారు, గాలి నిండా పసుపే. అంత మెత్తటి పొడి ముందుగా చేరేది గెయిన్ (మైక్‌కు అందిన శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తిప్పే చక్రంలోకి, జరిపే స్విచ్చుల సందుల్లోకి, హెడ్‌ఫోన్ రంధ్రంలోకి. ఆ తర్వాత చక్రం తిప్పినప్పుడల్లా కరకరమంటుంది, ఆ కరకర రికార్డింగ్‌లోకీ వస్తుంది. అందుకే తిప్పే చక్రాలు తక్కువ, నొక్కే బటన్లు ఎక్కువ ఉన్న మోడల్ ఇలాంటి చోట్ల నయం. కార్డు మూత, యూఎస్‌బీ మూత ఊడిపోకుండా పట్టీతో ఉన్నాయో లేదో కూడా చూడాలి. విడిగా వచ్చే మూత ఎక్కువ రోజులు నిలవదు.

ఎండ దెబ్బ ముందు బ్యాటరీకే

లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 60 డిగ్రీల దాకా పని చేస్తుంది కానీ, 45 దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టకూడదు. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వేసవిలో మామూలే. భోజనానికి దిగుతూ రికార్డర్‌ను కారులో ఛార్జింగ్‌కు పెట్టి వెళ్లడమంటే ఆ బ్యాటరీ ఆయుష్షును చేతులారా తగ్గించడమే. లోపలే బిగించిన బ్యాటరీ ఉబ్బితే దానితోపాటు రికార్డర్ కూడా పోయినట్టే.

ఈ కారణంగా కఠినమైన చోట్లకు పెన్సిల్ సెల్స్‌తో నడిచే రికార్డర్‌కే మొగ్గాలి. చూడ్డానికి పాతకాలం పద్ధతిలా ఉంటుంది కానీ, అయిపోతే పది సెకన్లలో మార్చేయొచ్చు, నల్లమల అంచున ఉన్న కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి. రిమోట్లలో వేసే సన్న ఏఏఏ సెల్స్ కన్నా ఏఏ సెల్స్ మేలు. ఒకే రకం ఆల్కలైన్‌లో ఏఏలో ఏఏఏ కన్నా రెట్టింపుకు పైగా శక్తి ఉంటుంది. మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ సెల్స్ వాడితే మెనూలో ఆ రకాన్ని ఎంచుకోవాలి. అవి ఒకటిన్నర వోల్టు కాదు, 1.2 వోల్టులే. ఆ సంగతి రికార్డర్‌కు చెప్పకపోతే బ్యాటరీ అయిపోయిందని తొందరపడి ఆగిపోతుంది. పని అయ్యాక సెల్స్ తీసేయడం తప్పనిసరి, ఆల్కలైన్ సెల్ వేడికి కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. ఇక్కడి నుంచి లద్దాఖ్, హిమాలయ ట్రెక్కులకు వెళ్లేవాళ్లు మాత్రం ఆల్కలైన్‌ను నమ్ముకోకూడదు. చలికి దాని శక్తిలో చాలా భాగం పనికిరాకుండా పోతుంది. వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి.

పవర్ బ్యాంక్ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు అనుకోవడంలో ఒక చిక్కుంది. చిన్న రికార్డర్ లాగే కరెంటు చాలా తక్కువ. చాలా పవర్ బ్యాంకులు అంత తక్కువ కరెంటును చూసి, ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. రికార్డర్‌లో సెల్స్ కూడా ఉంటే అప్పుడు అవి ఆదుకుంటాయి, లేకపోతే అక్కడితో రికార్డింగ్ ఆగిపోతుంది. కొనబోయే రికార్డర్‌ను తమ పవర్ బ్యాంక్‌తో ఓ గంట ఇంట్లోనే నడిపి చూడాలి.

వానలో తడవడం కన్నా కంటికి కనిపించని తేమ ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. జులైలో బయట 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుందాం. ఆ గాలిలో 24 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఏసీ 22లో పెట్టిన కారులోంచి రికార్డర్ తీసి నేరుగా బయట పెడితే మైక్ పొర మీద, లోపలి బోర్డు మీద సన్నటి తడి చేరుతుంది. కండెన్సర్ మైక్ అయితే చిటపటలు, బుసబుసలు మొదలవుతాయి. దిగే ముందే రికార్డర్‌ను జిప్ కవర్‌లో వేసి మూసి, బయటి వేడికి అలవాటు పడేదాకా అరగంట ఆగితే ఆ తడి కవర్ మీదే ఆగుతుంది. ఇంటికి వచ్చాక సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టాలి. తేమను బాగా తట్టుకునే విడి మైకులూ ఉన్నాయి. సెన్‌హైజర్ ఎంకేహెచ్ వరుస మైకులు రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి అడవుల్లో రికార్డ్ చేసేవాళ్లు వాటినే ఇష్టపడతారు. అయితే వాటి ధర చిన్న రికార్డర్ ధరకు ఎన్నో రెట్లు.

డప్పు, డోలు, టపాసు: శబ్దమే విపరీతమైనప్పుడు

విపరీత పరిస్థితి అంటే వాతావరణమే అనుకుంటారు గానీ మన పండుగల్లో అసలు విపరీతం శబ్దం. ఒగ్గు డోళ్లు ఒక్కసారిగా మోగి ఆగుతాయి, ఆ వెంటనే కథకుడు దాదాపు గుసగుసగా మాట్లాడతాడు. డోలుకు తగ్గట్టు గెయిన్ పెడితే మాట వినపడదు, మాటకు తగ్గట్టు పెడితే డోలు శబ్దం హద్దు దాటి చీలిపోతుంది. అలా క్లిప్ అయిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా బాగు చేయలేదు.

ఇక్కడే 32-బిట్ ఫ్లోట్ రికార్డింగ్ పనికొస్తుంది. శబ్దాన్ని అంకెలుగా రాసుకునే పద్ధతుల్లో ఇదొకటి. 16 బిట్‌లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పడుతుంది, 24 బిట్‌లో లెక్క ప్రకారం 144. ఫ్లోట్ ఫార్మాట్‌లో ఆ తేడా 1,500 డెసిబెల్స్ దాటుతుంది. భూమ్మీద అంత శబ్దమే లేదు కాబట్టి ఫైల్లో మాత్రం శబ్దం ఎప్పటికీ క్లిప్ కాదు. ఇలాంటి రికార్డర్లలో సాధారణంగా ఒకే శబ్దాన్ని, దాన్ని అంకెలుగా మార్చే రెండు చిప్పులు వేర్వేరు స్థాయిల్లో అందుకుంటాయి, పరికరం వాటిని కలిపి ఒకే ఫైలుగా రాస్తుంది. గెయిన్ తప్పు పెట్టినా తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. తోపులాటలో, వానలో, చేతులు ఖాళీ లేనప్పుడు గెయిన్ గురించి ఆలోచించక్కర్లేకపోవడం నిజంగా పెద్ద వరం. ఇనప డొక్కు కన్నా ఎక్కువ రికార్డింగ్‌లను కాపాడేది ఇదే.

అయితే అమ్మేవాళ్లు ఒక మాట చెప్పరు. ఫైలుకు హద్దు లేకపోయినా మైక్‌కు ఉంటుంది. చిన్న రికార్డర్లకు బిగించి వచ్చే మైకులు సాధారణంగా 120, 125 డెసిబెల్స్ దగ్గర చేతులెత్తేస్తాయి. అక్కడ మైక్ పొరే చీలిన శబ్దం ఇస్తుంటే ఫ్లోట్ దాన్నే నిజాయితీగా భద్రపరుస్తుంది, అంతే. మన దేశంలో 1999 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాసులు నిషిద్ధం. అంటే చట్టం ఒప్పుకున్న టపాసు కూడా రెండడుగుల దూరంలో పేలితే మైక్ హద్దు దాటేస్తుంది.

దీనికి ఖర్చులేని మందు దూరం. ఆరుబయట ఒక వాయిద్యానికి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డప్పుకు మీటరు దూరం నుంచి నాలుగు మీటర్లకు జరిగితే 12 తగ్గినట్టు. లారీ మీద వరసగా పేర్చిన డీజే బాక్సుల దగ్గర ఇంతగా తగ్గదు, అక్కడ ఇంకా దూరం జరగాల్సిందే. ఫ్లోట్ లేని రికార్డర్ ఉన్నవాళ్లు 24 బిట్‌లో, అతి పెద్ద దెబ్బ స్క్రీన్ మీది మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. తక్కువ స్థాయిలో రెండో ఫైలు కూడా రాసే సౌకర్యం ఉంటే దాన్ని ఆన్ చేసి ఉంచాలి.

నల్లమలలో రాత్రి శబ్దాలు, అమీన్‌పూర్ చెరువు దగ్గర తెల్లవారుజామున పిట్టల కూతలు రికార్డ్ చేసేవాళ్ల సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ రికార్డర్ సొంత బుస ఎంత తక్కువగా ఉందన్నదే ముఖ్యం. దాన్ని ఫ్లోట్ తగ్గించదు. ఈ పనికి తక్కువ బుస ఉన్న విడి మైక్ కావాల్సిందే.

గాలి సంగతి చిన్నది కాదు. ఆషాఢం గాలి గోల్కొండ మీద ఎలా వీస్తుందో అక్కడ బోనాలకు వెళ్లినవాళ్లకు తెలుసు. రికార్డర్‌తో వచ్చే స్పాంజి తొడుగు గదిలో నోటి ఊపిరిని ఆపడానికే సరిపోతుంది. బయట బొచ్చు తొడుగు తప్పదు. లో కట్ ఫిల్టర్‌ను (లోతైన శబ్దాలను కోసేసే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే హోరు తగ్గుతుంది, కానీ డోలు బరువు కూడా పోతుంది కాబట్టి అలవాటుగా ఆన్ చేసి ఉంచకూడదు. బొచ్చు తడిసి అంటుకుపోతే గాలిని ఆపలేదు, వానాకాలంలో రెండోది ఒకటి పొడిగా సంచిలో ఉండాలి.

స్క్రీన్, బటన్ల గురించి ఒక్క మాట. చెమట చేతులతో, చినుకుల్లో టచ్ స్క్రీన్‌ను నమ్మలేం. నీటి చుక్క పడితే అదే నొక్కేస్తుంది. చూడకుండా వేలితో తడిమి నొక్కగలిగే రికార్డ్ బటన్, వెలిగే ఎర్ర లైటు, నొక్కులన్నిటినీ ఆపే హోల్డ్ స్విచ్, ఈ మూడూ ఉంటే చాలు.

కరెంటు పోతే ఫైలు ఏమవుతుంది

ఇంతదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు. ప్రకటనల్లో ఎప్పుడూ కనిపించనిది, కొనేవాళ్లు దాదాపు ఎవరూ అడగనిది ఇది. రికార్డర్లు సాధారణంగా రాసే వేవ్ రకం ఫైలు మొదట్లో ఒక చిన్న భాగం ఉంటుంది, ఆ ఫైలులో ఎంత శబ్దం ఉందో అందులో రాసి ఉంటుంది. స్టాప్ నొక్కినప్పుడే ఆ అంకెను సరిగ్గా రాసే రికార్డర్లు ఉన్నాయి. తోపులాటలో సెల్ మూత ఊడి కరెంటు పోతే, గంటన్నర శబ్దం కార్డు మీద ఉన్నా ఫైలు మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ అదే కార్డు మీద మళ్లీ రికార్డ్ చేస్తే ఆ అవకాశమూ పోతుంది. కాసేపటికోసారి ఆ అంకెను రాసుకుంటూ పోయే రికార్డర్ అయితే చివరి కొన్ని సెకన్లు మాత్రమే పోతాయి. ధరల తేడా కన్నా ఈ తేడాకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

కార్డు లెక్క కూడా తెలిసి ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో గంటకు ఒక జీబీ పైచిలుకు తింటుంది, 32-బిట్ ఫ్లోట్ అయితే దాదాపు 1.4 జీబీ. 32 జీబీ కార్డు ఫ్లోట్‌లో సుమారు 23 గంటలు వస్తుంది. ఒక రోజు పనికి అంతకన్నా పెద్ద కార్డు అవసరం లేదు. పెద్ద కార్డు ఒకటి పోతే నెల కష్టం పోతుంది, చిన్నవి నాలుగు ఉంటే పోయేది ఒక రోజే. మైక్రో ఎస్‌డీ కార్డులు చాలావరకు మైనస్ 25 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, కాబట్టి ఎండలో ముందుగా పోయేది కార్డు కాదు. నకిలీ కార్డులే అసలు భయం. 128 జీబీ అని రాసి ఉన్నదాంట్లో నిజానికి ఎనిమిదే ఉంటే, నిండిన తర్వాత రాసినదంతా గాలికి పోతుంది. కొన్న రోజే కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివి చూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఆ పరీక్ష దాటని కార్డును పనికి తీసుకెళ్లకూడదు.

ఏ పనికి ఏది

మాటలు, పాటలు, పండుగలు అన్నీ ఒకే పరికరంతో చేయాలనుకునే విద్యార్థికి జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటిది సరిపోతుంది. మైకులు బిగించి ఉంటాయి, ఫ్లోట్ ఉంది, బటన్లు పెద్దవి, రెండు ఏఏఏ సెల్స్‌తో నడుస్తుంది. డొక్కు ప్లాస్టిక్‌దే, కానీ అది లోపమని కొట్టిపారేయక్కర్లేదు. బరువు తక్కువ ఉన్నది కింద పడితే దెబ్బా తక్కువే. పడ్డప్పుడు ముందు విరిగేది సెల్ మూత, మైక్ మీది జాలీ, హెడ్‌ఫోన్ రంధ్రం.

విడి మైక్ కొనగలిగితే జూమ్ ఎఫ్3 ఇంకా నమ్మకమైన దారి. అరచేతిలో పడుతుంది, ఏఏ సెల్స్‌తో నడుస్తుంది, విడి మైక్ కేబుల్ తగిలించడానికి తాళం పడే ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు రెండు ఉన్నాయి. దీనికి సొంత మైకులు లేకపోవడమే కఠినమైన చోట్ల మేలు చేస్తుంది. రికార్డర్‌ను మూసిన సంచిలో దాచి, మైక్‌ను మాత్రమే ఎండకో వానకో వదలొచ్చు. మైక్ పాడైతే మైకే మార్చుకోవచ్చు.

పోతరాజు ఒంటి మీదో, కథకుడి నడుముకో కట్టాలంటే కాలర్ మైక్‌తో వచ్చే జూమ్ ఎఫ్2, టాస్కామ్ డీఆర్-10ఎల్ ప్రో లాంటివి ఉన్నాయి, రెండిట్లోనూ ఫ్లోట్ ఉంది. వాటికి వాన కన్నా చెమట పెద్ద శత్రువు, ఉప్పు తడి లోహాన్ని తినేస్తుంది. సన్నటి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి కట్టాలి. సోనీ పీసీఎం-ఏ10లో లోపలే 16 జీబీ మెమరీ ఉండటం మంచి విషయం, కానీ బ్యాటరీ లోపల బిగించినది కాబట్టి ఎండాకాలపు రోజంతా పనికి అది మొదటి ఎంపిక కాదు.

చెరువు గట్టున వారం పాటు వదిలేసి రావాలంటే చేతి రికార్డర్లేవీ పనికిరావు. దానికి ఆడియోమాత్ ఉంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద బోర్డు, మూడు ఏఏ సెల్స్, చెప్పిన వేళకు తనే లేచి రికార్డ్ చేసి పడుకుంటుంది. సెకనుకు 3,84,000 నమూనాల దాకా తీస్తుంది కాబట్టి గబ్బిలాల అరుపులూ అందుతాయి. బోర్డుకు విడిగా నీరు చొరని పెట్టె కొనాలి. అభయారణ్యంలో పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

ఫోన్ సరిపోదా అని అడిగేవాళ్లకు జవాబు సూటిగానే చెప్పొచ్చు. కొత్త ఫోన్లలో చాలావాటికి ఐపీ68 ఉంది, వానను రికార్డర్ కన్నా బాగా తట్టుకుంటాయి. అయినా ఎండలో వేడెక్కి ఆగిపోతాయి, మధ్యలో కాల్ వస్తుంది, డప్పు చప్పుడును రొద అనుకుని అణిచేసే యాప్‌లూ ఉన్నాయి. ఫోన్‌ను రెండో కాపీ కోసం జేబులో నడవనివ్వాలి, అది మంచి అలవాటు.

కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో కొనేవాళ్లు తమ సొంత ఖాళీ కార్డు, సెల్స్, హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లాలి. బిల్లు మీద ఇక్కడి వారంటీ ఉందో లేదో చూసుకోవాలి. బయటి దేశం నుంచి విడిగా తెచ్చిన సరుకుకు సాధారణంగా అది ఉండదు, నీటి వల్ల చెడితే మామూలు వారంటీ కూడా వర్తించదు. షాపులోనే రికార్డింగ్ మొదలుపెట్టి, డొక్కును వేళ్లతో తట్టి, కేబుల్ కదిపి ఎంత చప్పుడు లోపలికి వస్తుందో వినాలి. ఆ తర్వాత షాపువాళ్ల ఒప్పుకోలుతో రెండు నిమిషాలు రికార్డ్ అవుతుండగా, స్టాప్ నొక్కకుండా సెల్స్ పీకేయాలి. మళ్లీ సెల్స్ వేసి ఫైలు తెరవాలి. రెండు నిమిషాలూ వినిపిస్తే, లేదా చివరి కొన్ని సెకన్లే తగ్గితే డబ్బు కట్టొచ్చు. ఫైలు ఖాళీగా కనిపిస్తే, ఎంత గట్టి డొక్కు ఉన్నా, పక్క మోడల్ చూపించమని అడగాలి.